మేకు దిగని గోడ

"మా గోడకి మేకు దిగదు" అని మా అత్త నారాయణమ్మ అనగా నేను కాపురానికి వచ్చిన రోజే విన్నాను. ఆ తర్వాత ఈ పన్నెండేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పాలవాడికి చెప్తుంది, కరెంటు మీటరు చూసేవాడికి చెప్తుంది, ఓటరు లిస్టు పట్టుకొచ్చిన వాళ్ళకి కూడా చెప్పి మరీ పంపిస్తుంది. వాళ్ళు అడగరు. అయినా చెప్తుంది.

అందులో అబద్ధం ఏమీ లేదు. గరివిడిలో మా వీధి వెనకే ఫ్యాక్టరీ. కొలిమిలో లోహం తీసుకున్నాక పైన తేలిన చిట్టెం చల్లారి నల్లరాయిలా గడ్డకడుతుంది. ఒకప్పుడు దాన్ని బయట గుట్టలుగా పోసేవారట, ఎవరికి కావాలంటే వాళ్ళు మోసుకుపోవచ్చునట. కాలం చేసిన మా మావ రాముడు అప్పట్లో అక్కడే కాంట్రాక్టు కూలీ. ఇల్లు కట్టుకుందామని మేస్త్రీని పిలిస్తే ఆయన చిట్టెం గడ్డల్ని కాలితో తన్ని చూసి, "ఇది రాయి కాదు, చెత్త. నా పనిముట్లు పాడైపోతాయి" అని వెళ్ళిపోయాడట. అప్పుడు మా అత్త కొంగు నడుముకి బిగించి, తట్టలకొద్దీ తలమీద మోసుకొచ్చి, వరస మీద వరస తనే పేర్చింది. మావ సిమెంటు కలిపి అందించాడు. కట్టింది అత్త. ఆ మాట ఆవిడ ముందు ఎవరైనా తిరగేసి చెప్తే ఆ పూట వాళ్ళకి మంచినీళ్ళు కూడా పుట్టవు.

ఇంతకీ ఆ గోడల మధ్య కాపురం ఎలా ఉంటుందో నన్నడగాలి. మా ఇంట్లో గోడకు ఏదీ వేలాడదు. క్యాలెండరు కిటికీ ఊచకు కట్టి ఉంటుంది. అద్దం బియ్యం డబ్బా మీద. గడియారం టీవీ పక్కన వెల్లకిలా పడుకుని ఉంటుంది, టైము చూడాలంటే దాని మీదకి వంగాలి. మా పెళ్ళి ఫోటోకి ఫ్రేము కట్టించి పన్నెండేళ్ళయింది, అది ఇంకా ట్రంకుపెట్టె మీద గోడకు చేరబడి నిలబడే ఉంది. కొత్తలో ఒకసారి, "ఒక్క మేకు కొట్టుకుందాం అత్తా" అన్నాను. "కొట్టు, సూద్దాం" అని పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. అయిదు మేకులు వంకర తిరిగాయి. ఆరోదానికి నా బొటనవేలు నల్లబడింది. ఆవిడే పసుపు అద్దింది, అద్దుతున్నంతసేపూ నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

అలాంటి మనిషి పోయిన నెల పెరట్లో కుళాయి దగ్గర కాలుజారి పడింది. తుంటి ఎముక విరిగింది. విజయనగరం ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. శుక్రవారం ఇంటికి పంపిస్తామన్నారు. ఆ ముందు సోమవారం, నడక నేర్పించే అమ్మాయి యమున నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

"కమోడు పక్కన గోడకి గట్టిగా బిగించిన రాడ్డు ఉండాలండి. దాన్ని పట్టుకుంటే మామ్మ తనే కూకుంటాది, తనే లెగుస్తాది. అతికించే రకాలు వద్దు, ఊడితే మళ్ళీ పడతాది. రాడ్డు నేకపోతే మాత్రం మూడు నెలలు మంచం మీదే అన్నీ, బెడ్‌పానులోనే."

పక్కకి పిలిచింది గానీ గొంతు తగ్గించలేదు. అత్త వింది. కాసేపు పైన తిరిగే ఫ్యాను వైపు చూసి, తర్వాత నా మణికట్టు పట్టుకుంది.

"ఒసే శైలజా, ముందు గదిలో మంచం మీద నాకు పాను పెట్టే రోజు రానీకే."

పన్నెండేళ్ళలో ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. కావాలంటే తీసుకునే మనిషి, వద్దంటే తోసేసే మనిషి, అడగడం ఆవిడకి రాదు. "రానివ్వను అత్తా" అన్నాను. అనేశాక బస్సులో కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది, ఆ రాడ్డు బిగించాల్సింది ఏ గోడకో.

మా బాత్రూము తర్వాత కట్టింది. మూడు పక్కలా అర ఇటుక గోడలు, గట్టిగా తుమ్మితే కదిలేవి. కమోడు పక్కన ఉన్నది మాత్రం పాత ఇంటి వెనక గోడ. మనిషి బరువు ఆపగలిగింది అదొక్కటే. మేకు దిగనిదీ అదే.

మంగళవారం మా మగాళ్ళు రంగంలోకి దిగారు. మా ఆయన ధర్మేంద్ర ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడు. మరిది వెంకీ ఎలక్ట్రీషియన్, ఊళ్ళో సగం ఇళ్ళకి ఫ్యాన్లు బిగించింది తనే. వెంకీ తన డ్రిల్లు తెచ్చి, దాని మీదున్న చిన్న సుత్తి బొమ్మ నాకు చూపించాడు.

"సూడొదినా, ఇటు తిప్పితే సుత్తి. ఏ గోడైనా దిగిపోవాల్సిందే."

సుత్తి బొమ్మ వైపు తిప్పాడు, గోడకి ఆనించాడు. ఇల్లంతా కీచుమని మోత. పైన గార రాలింది, నల్లరాయి కనిపించింది, అక్కడితో సరి. వెంకీ నొక్కాడు. సరిపోలేదని మా ఆయన వెనకనుంచి వెంకీని నొక్కాడు. ఇద్దరూ బండి తోస్తున్నట్టు తోస్తుంటే బిట్టు మొన ఎర్రబడి, నీలం తిరిగి, గుండ్రంగా అరిగిపోయింది. ఇంకోచోట పెట్టారు, మరోచోట పెట్టారు. మూడు చోట్లా మూడు బిట్లు పోయాయి. గోడ మీద మూడు మశూచి మచ్చలు తప్ప ఏమీ మిగల్లేదు.

"అది గోడ కాదు, మా యమ్మ" అన్నాడు ధర్మేంద్ర చెమట తుడుచుకుంటూ. తర్వాత కాసేపు ఆలోచించి, "గురువారం మనుషుల్ని పెట్టి కమోడు కాడ గోడ కొట్టీసి ఇటుక కట్టించీద్దాం. అందులోకైతే రాడ్డు దిగుతాది" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ యమ్మ నడుం విరిగి ఆస్పత్రిలో ఉంది. ఆవిడ వచ్చేలోపల ఆవిడ గోడ నడుం కూడా ఇరగ్గొడతావేటి బావా? పచ్చి గోడకి శుక్రవారం నాడు రాడ్డు బిగించి, దాన్ని పట్టుకుని లెగమంటావా?"

"అయితే నువ్వే సెయ్యి" అన్నాడు.

"నానే సేస్తాను" అన్నాను.

కోపంలో అన్న మాటే, కానీ ఊరికే అనలేదు. మాది శృంగవరపుకోట. మా నాన్న కూర్మయ్యకి అక్కడ పిండి మర ఉండేది. మర రాళ్ళు అరిగిపోతే వాటికి ఉలితో గంట్లు పెట్టాలి. నాన్న పక్కన కూర్చుని నేనూ పెట్టేదాన్ని. నేను ఉలిని అదిమితే నాన్న నా చెయ్యి లాగేసేవాడు. "నొక్కితే రాయికి ఏటి తెలుస్తాది? దెబ్బ తగలాల" అనేవాడు. వెంకీ డ్రిల్లు ఎంతసేపూ అరిచింది, రాచింది. దెబ్బ కొట్టలేదు. సుత్తి బొమ్మ ఉంది గానీ సుత్తి లేదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

బుధవారం అత్తకి క్యారియరు తీసుకెళ్ళాలి. ఆ సంచిలోనే పెరట్లో రోలు పక్కన పడి ఉండే చిట్టెం గడ్డ కూడా వేసుకున్నాను. ఇల్లు కట్టగా మిగిలిన గడ్డ అది, ఆవకాయ జాడీ మూత మీద బరువుకి వాడతాం. బస్సులో పక్కావిడ సంచి తడిమి "పనసకాయేటి?" అంది. అవునన్నాను.

ఆస్పత్రి నుంచి బయటపడి మెషిన్ల దుకాణాలు వెతికాను. మొదటి రెండు చోట్లా, ఎన్ని ఎం.ఎం. కన్నం కావాలని అడిగి, వెంకీ దగ్గరున్నలాంటిదే బల్లమీద పెట్టారు. మూడో దుకాణం తిరుమలరావు గారిది. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు నుదుటి మీద. ఆయన మాత్రం కన్నం సంగతి అడగలేదు.

"గోడ దేనితో కట్టినారమ్మా?" అన్నాడు.

సంచిలోంచి గడ్డ తీసి బల్లమీద పెట్టాను. ఆయన కళ్ళజోడు దించి చూశాడు. మేకుతో గీశాడు. మేకు అరిగింది గానీ రాయి మీద గీత పడలేదు.

"గరివిడి?"

"అవును. మా అత్త కట్టినాది."

ఆయన నన్ను ఒకసారి, రాయిని ఒకసారి చూసి లోపలికి రమ్మన్నాడు. గడ్డని బల్లకున్న ఇనప పట్టులో బిగించాడు. మొదట మామూలు డ్రిల్లు పెట్టాడు. మా ఇంట్లో విన్న కీచుమోతే మళ్ళీ. "ఇందులో రెండు పళ్ళ బిళ్ళలుంటాయి. ఒకదాని మీద ఒకటి గరగరలాడతాయి, అంతే. ఇటుకకి బాగుంటాది. దీని మీద సుత్తి బొమ్మ సూసి అందరూ మోసపోతారు" అన్నాడు. తర్వాత పొట్టిగా, బరువుగా ఉన్న ఇంకోటి తీశాడు. రోటరీ హ్యామర్ అన్నాడు. లోపల గాలి ఒత్తిడితో దిమ్మ ముందుకీ వెనక్కీ పోయి బిట్టు మడమ మీద కొడుతుందట. దాని బిట్టు వేరు, మడమ దగ్గర గాడులు ఉన్నాయి. లోపలికి తోస్తే టక్కుమని పట్టుకుంది, అయినా చేత్తో లాగితే కొంచెం ముందుకీ వెనక్కీ ఆడుతోంది.

"వదులుగా ఉన్నాదేటి?" అన్నాను.

"ఆడాల. ఆడితేనే దెబ్బ తగులుతాది."

మా నాన్న మాట ఆ మనిషి నోట విని నాకు ఒళ్ళు పులకరించింది. డ్రిల్లు నా చేతికే ఇచ్చాడు. మొన మీద నాలుగు పలకలున్న బిట్టు పెట్టి, "నొక్కకు. పట్టుకోవడమే నీ పని, కొట్టడం దాని పని" అన్నాడు. మీట నొక్కాను. కీచుమోత లేదు. టకటకమని రోకటి పోటు లాంటి చప్పుడు, నల్లటి మెత్తని పొడి నా కాళ్ళ మీద పడింది. ఆవకాయ జాడీ మీద నలభై ఏళ్ళు కూర్చున్న రాయికి వేలు పట్టేంత కన్నం పడింది. దుకాణంలోనే కళ్ళు తుడుచుకున్నాను. పొడి పడిందనుకున్నాడు ఆయన.

మూడు రోజులకి అద్దెకి తెచ్చాను. గురువారం పొద్దున్నే వెంకీ హెల్మెట్టు నెత్తిన పెట్టుకుని, అద్దం దించుకుని బాత్రూములో నిలబడ్డాను. అన్నదమ్ములిద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. సాయానికి కాదు, చూడ్డానికి. రాడ్డుకి రెండు చివరలా బిళ్ళలు, ఒక్కో బిళ్ళకి మూడు కన్నాలు. బిట్టుకి రెండున్నర అంగుళాల దగ్గర గుర్తుగా ప్లాస్టరు చుట్టాను. మొదటి కన్నం మొదలుపెట్టాను. తెల్లపొడి రాలింది, అది ఆగి నల్లపొడి మొదలైంది. నొక్కలేదు. మధ్యమధ్య బయటికి లాగి చల్లారనిచ్చాను. గుర్తు దాకా దిగింది.

వెంకీ ముందుకు వంగి కన్నంలోకి చూశాడు. నేను హెల్మెట్టులో నవ్వుకున్నాను.

రెండో కన్నం అంగుళమున్నర దగ్గర ఠంగుమంది. పొడి రావడం ఆగిపోయింది. ఇంకొంచెం చూశాను, డ్రిల్లు వెనక్కి తన్నింది. టార్చి వేసి చూస్తే కన్నం అడుగున తెల్లగా ఏదో మెరిసింది.

"లోహం" అన్నాడు ధర్మేంద్ర. తనకి తెలిసిన విషయం కనక గంభీరంగా అన్నాడు. "చిట్టెంలో అక్కడక్కడా ముక్కలు ఉండిపోతాయి. రాయికి పెట్టే బిట్టు దానికి పనికిరాదు. సెప్పినాను కదే, కొట్టీద్దామని."

గోడలో అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో ఎవరికి తెలుస్తుంది? రాడ్డు పక్కకి జరిపితే అక్కడా తగలొచ్చు. జరుపుతూ పోతే కమోడు మీద కూర్చున్న మనిషికి అందదు. రేపు పది గంటలకి ఆవిడ ఇంటికొస్తుంది. ముందు గదిలో మంచం, దాని కింద పాను నా కళ్ళముందు కనిపించాయి. అప్పుడు తట్టింది, ఆ గోడలో ఏ రాయి ఎక్కడుందో తెలిసిన మనిషి ఒకరున్నారని.

యమునకి ఫోన్ చేసి అత్తకి ఇమ్మన్నాను. జరిగింది చెప్పాను. డ్రిల్లు సంగతీ చెప్పాను.

"ఎవలు ఏస్తన్నారు కన్నం?"

"నానే."

"మొదటిది దిగీసినాదా?"

"దిగినాది అత్తా. నిండుగా."

అనేశాక నాకు భయమేసింది. నలభై ఏళ్ళ మాట నేను తీసేశాను కదా. కానీ తర్వాతి ప్రశ్న వేరేది. "రెండోది ఎక్కడ ఆగినాది?"

"కిటికీ మూల నుంచి ఇటు, నా నడుం ఎత్తులో."

అత్త నవ్వింది. ఆస్పత్రిలో చేరాక మొదటిసారి ఆ నవ్వు విన్నాను. "అది నా మెరుపు రాయే. నువ్వు ఎల్లి ఎల్లి దానికే గుచ్చినావేటి?"

అప్పుడు చెప్పింది. మెరుపు ఉన్న రాళ్ళన్నీ బరువని పునాది పక్కన అడుగు వరసల్లో వేసిందట. పైన అన్నీ వట్టి నల్లరాళ్ళే. ఒక్కటి తప్ప. గంజి తాగడానికి కూర్చున్నప్పుడు ఆ రాయి ఎండకి వెండిలా మెరిసిందట. అప్పటికి ధర్మేంద్ర కడుపులో ఉన్నాడు. "నాకు ఎండి పట్టీలు కూడా నేవు అప్పుడు. ఇది నా ఎండి అని, మెరుపు బయటికి పెట్టి ఏసినాను. మీ మావ తిట్టినాడు, సోకులేటే గోడకి అని. తరవాత గార ఏసీసినారు. ఎవలికీ తెలీదు."

గుమ్మంలో ధర్మేంద్ర తలొంచుకుని నిలబడ్డాడు. ఫోను స్పీకరులో ఉంది.

"ఇప్పుడేటి సెయ్యమంటావు అత్తా?"

"కిటికీ మూల నుంచి మూడు జానలు ఒగ్గీ. ఆ రాయి అక్కడితో అయిపోతాది. ఆ పైన ఎక్కడేసుకున్నా నీ ఇష్టం."

నేను చెయ్యి చాచి కొలవబోతుంటే ఫోనులోంచే అరిచింది. "నీ జాన కాదే. నీది పొడుగు సెయ్యి. నా జాన."

ఆవిడ జాన ఆవిడతోనే ఆస్పత్రిలో ఉంది. యమున టేపు తెచ్చి మంచం మీద ఆవిడ చెయ్యి పరిచి కొలిచింది. ఏడుంబావు అంగుళాలు. మూడు జానలంటే ఇరవయ్యొకటీ ముప్పావు. నా జానతో వేసి ఉంటే నాలుగు అంగుళాలు దాటిపోయి, రాడ్డు ఆవిడ చేతికి అందేది కాదు. అంత చిన్న చెయ్యి ఇంత గోడ ఎలా కట్టిందో అని నాకు అప్పుడు నిజంగా ఆశ్చర్యం వేసింది. గర్వం కూడా వేసింది, నా చెయ్యి కాకపోయినా.

ఇరవయ్యొకటీ ముప్పావు దగ్గర గీత గీశాను. ఆ గీత దాటాక కొత్తగా ఆరు కన్నాలు వేశాను. ఆరింటిలోనూ నల్లపొడే వచ్చింది. ఠంగుమన్న చప్పుడు ఒక్కసారి కూడా రాలేదు. సైకిలు పంపుతో పొడి ఊదేసి, లోపలికి పోయి విచ్చుకునే బోల్టులు కొట్టి, స్పానరుతో బిగించాను. తర్వాత అన్నదమ్ములిద్దరినీ ఆ రాడ్డు పట్టుకుని వేలాడమన్నాను. మంగళవారం గోడని తోసిన ఆ ఇద్దరే. వేలాడారు. వెంట్రుకవాసి కదల్లేదు.

"సుత్తి బొమ్మ సూసి మోసపోయినాను వదినా" అన్నాడు వెంకీ దిగి.

"నువ్వే కాదు, ఊరంతా మోసపోతన్నాది" అన్నాను. అంతకంటే ఏడిపించాలనిపించలేదు.

శుక్రవారం ఆటోలో అత్త వచ్చింది. వాకరు పట్టుకుని గుమ్మం దాటింది. ఎదురింటి అసిరమ్మ, వీధిలో ఇంకో నలుగురు పలకరించడానికి వచ్చి నిలబడ్డారు. అత్త నేరుగా బాత్రూము వైపు నడిచింది. నేను వెనకే వెళ్ళబోతే చేత్తో ఆపింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గెడ పెట్టుకోవద్దని యమున మరీమరీ చెప్పింది. గెడ పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

మేం అందరం బయట నిలబడ్డాం. ధర్మేంద్ర రెండుసార్లు "అమ్మా" అన్నాడు. చాలాసేపటికి నీళ్ళ చప్పుడైంది. గెడ తీసిన చప్పుడైంది. తలుపు తెరిస్తే అత్త తనే నిలబడి ఉంది, చెయ్యి రాడ్డు మీద. ఆవిడ చూపు మాత్రం పక్కన ఆగిపోయిన కన్నం వైపు ఉంది, కిటికీ వెలుతురుకి దాని అడుగున ఆ తెల్లటి చుక్క మెరుస్తోంది.

"ఆ కన్నం మూసీకండి" అంది.

ముందు గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాక అసిరమ్మ వైపు తిరిగింది. ఏం చెప్తుందో నాకు తెలుసు, పన్నెండేళ్ళుగా వింటున్నదే. ఇప్పుడు చెప్పడానికి నోరు రాదేమోనని దిగులుపడ్డాను కూడా.

"మా గోడకి మేకు దిగదు" అంది అత్త, అదే గొంతుతో, అంతే గట్టిగా. "మా కోడలొక్కత్తే దింపింది."

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, లేకపోతే అందరి ముందూ ఏడ్చేసేదాన్ని. అక్కడికి కూడా వినపడేలా అరిచింది.

"ఒసే శైలజా, ఆ మిషను ఇచ్చీసినావేటి?"

"నేదత్తా. రేపు ఇవ్వాల."

"అయితే తే. మీ పెళ్ళి ఫోటో ఎన్నాళ్ళని అలగ నిలబెడతావు."

డ్రిల్లు తెచ్చాను. ఆవిడ పీట మీద కాదు, కుర్చీలో కూర్చుంది, నాకు ఎదురుగా. గోడ వైపు చెయ్యి చాచి, ఏ రాయి మీద వెయ్యాలో తనే చూపించింది.